తీరాన ఉన్న నౌక, సముద్రం అడుగున ఉన్న నౌక

(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డెబ్బదియైదు వసంతాలు నిండిన పాఠశాల పండుగ జరుపుకొంటున్న రోజున యుద్ధస్మారకాలను గూర్చి ప్రసంగించడమేమిటని కొందరికి అనిపించవచ్చును. అక్షరానికీ ఆయుధానికీ పొత్తేమిటని సందేహం కలుగవచ్చును. కాని యుద్ధాన్ని గూర్చి మన పిల్లలకు ఎవరో ఒకరు చెప్పనే చెబుతున్నారు. సినిమా చెబుతున్నది. టెలివిజన్ చెబుతున్నది. అరచేతిలో ఇమిడే ఫోనులోని ఆట అన్నిటికంటె గట్టిగా చెబుతున్నది. ఇంతమంది చెప్పిన తరువాత ఇల్లూ, బడీ చెప్పవలసినది ఏమి మిగిలి ఉన్నదన్నదే ప్రశ్న. గంజాం జిల్లా బరంపురంలో మూడు తరాలుగా స్థిరపడిన ఒక తెలుగు కుటుంబం విశాఖపట్నం యాత్రలో ఈ ప్రశ్నను ఎదుర్కొన్నది. వారికి దొరికిన సమాధానమే నేటి ప్రసంగ విషయం.

ఆ కుటుంబంలో అయిదుగురు. బట్టల దుకాణం నడిపే తండ్రి, తల్లి, తెలుగు బడిలో ఏడవ తరగతి చదివే కుమారుడు, మూడవ తరగతి చదివే పాప, వారి మామ్మగారు. మామ్మగారి పుట్టినిల్లు విశాఖపట్నం పాతపట్నం. పెండ్లియై బరంపురం వచ్చిన నాటినుండి పండుగలకూ పబ్బాలకూ పుట్టింటికి వెళ్ళివస్తున్నా, సముద్రతీరాన ఉన్న జలాంతర్గామిని మాత్రం ఆమె లోపలికి వెళ్ళి చూడలేదు. ఎవరైనా రమ్మంటే, "పైనుంచి చూశాను లెండి, చాలు" అనేవారు.

2025వ సంవత్సరం సంక్రాంతికి వారంతా మామ్మగారి తమ్ముని ఇంటికి ప్రయాణమయ్యారు. పిల్లవానికి ఈ ప్రయాణంలో ఒక సొంత పని ఉన్నది. జనవరి 26న బడిలో గణతంత్ర దినోత్సవ సభ. అందులో 1971 యుద్ధంలో విశాఖ తీరాన జరిగిన ఘట్టాన్ని గూర్చి మాట్లాడడానికి అతడు పేరిచ్చాడు. రైలు ఇచ్ఛాపురం దాటి పలాస చేరేసరికి చిత్తుప్రతి పూర్తి చేసి, జీడిపప్పు పొట్లం ముందు పెట్టుకొని తండ్రికి చదివి వినిపించాడు. శత్రు జలాంతర్గామి వచ్చిన తీరు, మునిగిన తీరు వర్ణించి, చివర "మన సముద్రంలో అడుగుపెట్టినవాళ్ళు చేపలకు ఆహారమైపోయారు" అని ముగించాడు. తండ్రి బాగున్నదన్నాడు. చెల్లెలు చప్పట్లు కొట్టింది. కిటికీ ప్రక్కన కూర్చున్న మామ్మగారు మాత్రం ఏమీ అనలేదు.

ముక్కనుమ నాటి సాయంకాలం అందరూ రామకృష్ణా బీచికి చేరుకొన్నారు. ఈ సభలో చాలామంది ఆ చోటు చూచినవారే. కాళీమాత గుడి, రోడ్డు ప్రక్కన మురీ మిక్చర్ బండ్లు, దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకొనిపోయిన డాల్ఫిన్స్ నోస్ కొండ. ఆ తీరం పొడవునా గోడలులేని ఒక ప్రదర్శనశాల ఏర్పడి ఉన్నది. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో నిర్మించిన 'విక్టరీ ఎట్ సీ' స్మారకం అక్కడ ఉన్నది. దానివద్ద యుద్ధవిమానం, ట్యాంకు, క్షిపణుల నమూనాలు ఉంచారు. ప్రతి సంవత్సరం డిసెంబరు 4న, నౌకాదళ దినోత్సవం నాడు, ఆ స్మారకంవద్ద పుష్పగుచ్ఛాలుంచి అమరులకు అంజలి ఘటిస్తారు. అదే తీరాన కురుసుర జలాంతర్గామి, రోడ్డుకు ఆవలి ప్రక్క టి.యు.142 విమానం ఉన్నాయి. 29 సంవత్సరాలు నౌకాదళంలో సేవచేసి 2017 మార్చిలో విశ్రమించిన ఆ మహావిమానాన్ని అదే సంవత్సరం డిసెంబరు 7న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ప్రదర్శనశాలగా ప్రారంభించారు.

స్మారకంవద్ద మామ్మగారు చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి కొంతసేపు నిలిచారు. పిల్లవాడు ఈలోగా ట్యాంకు ముందు ఛాతీ విరిచి నిలబడి తండ్రిచేత ఫోటో తీయించుకొన్నాడు. తప్పు పట్టవలసినదేమీ లేదు. పన్నెండేండ్ల పిల్లవాడు ట్యాంకును చూచి సంతోషించక ఏమి చేస్తాడు!

తరువాత జలాంతర్గామి. ఈసారి మనుమరాలు చేయి పట్టుకొని లాగడంచేత మామ్మగారికి వెళ్ళక తప్పలేదు. కురుసుర సోవియట్ యూనియన్‌లో తయారైన నౌక. 1969 డిసెంబరు 18న మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 31 సంవత్సరాల సేవలో 73,500 నాటికల్ మైళ్ళు ప్రయాణించి 2001 ఫిబ్రవరి 27న విరమించింది. 91 మీటర్ల పొడవుగల ఆ నౌకను సముద్రంనుండి ఇసుకమీదికి చేర్చి, 2002 ఆగస్టులో ప్రదర్శనశాలగా ప్రజలకు తెరిచారు.

లోపల దారి చూపేవారు నౌకాదళంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు. ఆనాడు ఈ కుటుంబానికి వివరించినాయన తెలుగువారే. ముందు భాగంలో ఆరు, వెనుక భాగంలో నాలుగు టార్పెడో గొట్టాలున్నాయని చూపించారు. పైకి వచ్చినపుడు డీజిల్ యంత్రాలు నడిపి బ్యాటరీలు నింపుకోవడం, నీటిలో మునిగిన తరువాత ఆ బ్యాటరీల విద్యుత్తుతోనే చప్పుడులేకుండా సాగడం, ఇదీ దాని పద్ధతి అని విశదీకరించారు. డెబ్బదియైదుమంది మనుషులు ఆ ఇనుపగొట్టంలో వారాల తరబడి ఉండేవారట. ఒకదానిపై ఒకటిగా అరలవంటి పడకలు. స్నానానికి నీళ్ళు కరవు. సూర్యుడు కనిపించడు. గడియారం చూచుకొని ఇది పగలు, ఇది రాత్రి అనుకోవలసిందే.

ఒక గదినుండి మరొక గదిలోకి పోవడానికి గుండ్రని ద్వారాలు. వంగి, ఒక కాలు ముందుకు పెట్టి, తల లోపలికి దూర్చి దాటాలి. ఆ ద్వారానికి మందమైన ఇనుప తలుపు. పాప ఆ తలుపును తట్టి చూచి, "ఇది ఎందుకు తాతగారూ?" అని అడిగింది.

"ఒక గదిలోకి నీళ్ళు వస్తే ఈ తలుపు మూసేస్తామమ్మా. మిగతా ఓడ బతుకుతుంది."

"మరి ఆ గదిలో ఉన్నవాళ్ళు?"

ఆయన వెంటనే సమాధానం చెప్పలేదు. పాప తలమీద చేయి వేసి, "ఆ సంగతి తెలిసే ఈ ఉద్యోగంలో చేరతామమ్మా. తలుపు మూసేవాడికీ తెలుసు, లోపల ఉండిపోయేవాడికీ తెలుసు" అన్నారు. తరువాత మామూలుగానే తరువాతి గదివైపు నడిచారు. వెనుకనున్న పిల్లవాడు ఆ తలుపును మరొకసారి తిరిగి చూచాడు. అంతవరకూ యంత్రాలనే చూస్తున్నవాడు అప్పటినుండి పడకలు చూడడం మొదలుపెట్టాడు.

బయటికి వచ్చి అందరూ ఇసుకలో కూర్చున్నారు. చీకటి పడుతున్నది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డుకు చేరుతున్నాయి. అప్పుడు మామ్మగారు నోరు విప్పారు.

1971లో ఆమెకు పన్నెండేండ్లు. తూర్పు పాకిస్తాన్‌నుండి సుమారు కోటిమంది కాందిశీకులు భారతదేశానికి తరలివచ్చిన సంవత్సరమది. డిసెంబరు 3 సాయంకాలం పాకిస్తాన్ విమానాలు మన వైమానిక స్థావరాలపై బాంబులు వేయడంతో యుద్ధం ఆరంభమైనది. విశాఖలో దీపాలు ఆర్పివేశారు. కిటికీ అద్దాలకు నల్లకాగితాలు అంటించారు. ఆమె తండ్రికి హార్బరులో పని. ఆ రాత్రి ఆయన ఇంటికి రాలేదు. అర్ధరాత్రి దాటిన తరువాత సముద్రంవైపునుండి పెద్ద చప్పుడు వచ్చింది. కిటికీలు గజగజలాడాయి. గూటిలోని ఇత్తడి చెంబు క్రిందపడి దొర్లింది. భూకంపమనుకొని వీధివారంతా బయటికి పరుగెత్తారు. చీకటిలో ఒకరి ముఖం ఒకరికి కనబడదు. ఏమి జరిగినదో తెలియదు.

జరిగినది తరువాత ప్రపంచానికంతటికీ తెలిసినది. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెదకుతూ నవంబరు నెల మధ్యలో కరాచీనుండి బయలుదేరి బంగాళాఖాతానికి వచ్చింది. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను ముందుగానే అండమాన్ వైపు పంపివేసి, అది విశాఖ సమీపాననే ఉన్నదని శత్రువు నమ్మేట్లు చేశారు. డిసెంబరు 3-4 తేదీల మధ్యరాత్రి ఘాజీ విశాఖ రేవు వెలుపల మునిగిపోయినది. మన పాత యుద్ధనౌక రాజ్‌పుత్ జారవిడిచిన డెప్త్ చార్జీలవల్ల, అనగా నీటి లోతున పేలే బాంబులవల్ల, అది మునిగినదని మన నౌకాదళం చెప్పినది. తాను పరచిన మందుపాతరలవల్లనో, లోపలి పేలుడువల్లనో మునిగినదని పాకిస్తాన్ చెప్పినది. ఎట్లు మునిగినా అందులోని తొంభైమందికి పైగా నావికులలో ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు.

తెల్లవారిన తరువాత జాలరులకు నీళ్ళమీద నూనె తెట్టె, ఓడ సామానుల తునకలు కనిపించాయి. కొన్ని రోజులకు సంగతి ఊరంతా ప్రాకినది. "మా వీధిలో పంచదార పంచిపెట్టారురా" అన్నారు మామ్మగారు. "నేనూ రెండు గుప్పిళ్ళు తెచ్చుకుని తిన్నాను. మా అమ్మకి కూడా పెట్టబోయాను. తీసుకుంది గాని నోట్లో వేసుకోలేదు. 'మన ఊరు బతికింది, దేవుడి దయ. ఆ ఓడలోని పిల్లల తల్లులకి ఈ కబురు ఎవరు చెబుతారో!' అంది. నాకు కోపం వచ్చింది. మన మీదికి వచ్చినవాళ్ళ గురించి ఏడుస్తుందేమిటి అనుకున్నాను."

ఆ తల్లి మాటకు ఒక పూర్వకథ ఉన్నది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం రేవుపై బాంబులు వేశాయి. అదే రోజున కాకినాడపై కూడా వేశాయి. ప్రజలు మూటా ముల్లే కట్టుకొని పల్లెలకు తరలిపోయారు. అప్పుడు ఆ తల్లి కూడా పన్నెండేండ్ల పిల్లయే. చంటి తమ్ముణ్ణి చంకనెత్తుకొని, విజయనగరం వైపు బంధువుల ఊరికి కాలినడకన వెళ్ళినది. ఆ రోజులలోనే రంగం వెళ్ళిన తెలుగువారు బర్మానుండి అడవులవెంట, కొండలవెంట నడిచి స్వదేశానికి వస్తున్నారు. దారిలో ఎవరు మిగిలారో ఎవరు పోయారో చెప్పేవారు లేక గంజాం, విశాఖపట్నం జిల్లాల పల్లెలలో ఎన్ని ఇండ్లు ఎదురుచూచినవో! కబురు అందని తల్లిని చూచిన పిల్ల పెరిగి పెద్దదై 1971లో పంచదార చేతిలో పట్టుకొని ఆ మాట అన్నది.

పిల్లవాడు ఊరకుండలేదు. "వాళ్ళు మన ఊరి మీదికి వచ్చినవాళ్ళు కదా మామ్మా?" అన్నాడు.

"వచ్చినవాళ్ళేరా. వాళ్ళని ఆపినవాళ్ళకి దణ్ణం పెట్టాలి. అందుకే అక్కడ చెప్పులు విడిచాను. మీ ముత్తాత ఆ రాత్రి హార్బరులో ఉన్నారు. ఆ ఓడ అనుకున్నది చేసి ఉంటే ఏమయ్యేదో! ఆపడం వేరు. పోయినవాళ్ళని చూసి నవ్వడం వేరు. నువ్వు రైల్లో చదివావే, చేపల మాట... అది విన్నప్పుడు మా అమ్మే గుర్తుకొచ్చింది."

పిల్లవాని ముఖం చిన్నబోయినది. అప్పుడు తండ్రి తాను పత్రికలో చదివిన ఒక సంగతి చెప్పాడు. 2024 ఫిబ్రవరిలో వచ్చిన వార్త అది. మన నౌకాదళంవద్ద డి.ఎస్.ఆర్.వి. అనే లోతునీటి రక్షణ వాహనం ఉన్నది. మునిగిపోయిన జలాంతర్గామిలో చిక్కుకొన్న నావికులను ప్రాణాలతో పైకి తీసుకొనిరావడానికి అది ఏర్పడినది. 2021 ఏప్రిల్‌లో ఇండోనేషియా జలాంతర్గామి నంగ్గల మునిగినపుడు సాయంకోసం మన దేశం ఆ వాహనాన్ని విశాఖనుండే పంపినది. ఆ వాహనంతోనే విశాఖ తీరానికి కొద్ది దూరంలో సముద్రం అడుగున ఉన్న ఘాజీ శిథిలాన్ని గుర్తించారు. గుర్తించి, మృతులపట్ల గౌరవసూచకంగా దానిని తాకకుండా వదిలివేశారు.

"అంటే వాళ్ళింకా అక్కడే ఉన్నారా?" అని పాప సముద్రంవైపు చేయి చూపింది.

"అక్కడే ఉన్నారమ్మా" అన్నది తల్లి.

ఆ తరువాత కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తండ్రి లేచి పిల్లలకు మురీ మిక్చర్ పొట్లాలు తెచ్చాడు.

బరంపురం తిరిగి వచ్చిన తరువాత పిల్లవాడు తన ప్రసంగంలో చేపల వాక్యం కొట్టివేసి, ఆ చోట మూడు వాక్యాలు వ్రాశాడు. "మా మామ్మ పుట్టిన ఊరిని కాపాడిన నావికులకు నమస్కరిస్తున్నాను. సముద్రం అడుగున ఉన్నవారిని మన నౌకాదళమే కదపలేదు. నేను కూడా వారిని ఎగతాళి చేయను." వ్రాశాడే గాని, టీచరుగారు ఒప్పుకొంటారో లేదో, తోటి పిల్లలు నవ్వుతారేమోనని జంకాడు.

ఉపాధ్యాయిని చదివి ఒక్క అక్షరం కొట్టివేయలేదు. మరొక సంగతి చేర్చమన్నారు. అదే యుద్ధంలో 1971 డిసెంబరు 9న, డయ్యూ సమీపాన, మన యుద్ధనౌక ఖుక్రీని పాకిస్తాన్ జలాంతర్గామి హంగోర్ ముంచివేసినది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు అసువులు బాశారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా నౌకను వీడక నౌకతోబాటే మునిగిపోయారు. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ప్రదానం చేశారు. డయ్యూలో సముద్రానికి అభిముఖంగా వారి స్మారకం ఉన్నది. "తూర్పున వారి పిల్లలు, పడమట మన పిల్లలు సముద్రం అడుగున ఉన్నారు. మన ఖుక్రీవారిని గూర్చి ఎవరు ఎలా మాట్లాడితే మనకు బాగుంటుందో ఆలోచించి చదువు" అని ఆమె చెప్పారు. పిల్లవాడు జనవరి 26న అలాగే చదివాడు. ఎవరూ నవ్వలేదు.

అయితే సభ ముగిసిన తరువాత ఒక తండ్రి ఆ ఉపాధ్యాయినిని ఒక ప్రశ్న అడిగారు. "శత్రువుమీద జాలి పిల్లలకు నేర్పవచ్చునా? రేపు వీళ్ళు దేశాన్ని ఎలా కాపాడుతారు?" అని. ఇది తేలికగా తోసివేయదగిన ప్రశ్న కాదు. ఈ సభలో కూడా కొందరి మనస్సులో ఉండదగిన ప్రశ్నయే. దానికి సమాధానం చెప్పవలసిన బాధ్యత ఉన్నది.

మొదటి సమాధానం మన నౌకాదళమే చెప్పినది. యుద్ధం చేసినవారు వారు. ప్రాణాలకు తెగించినవారు వారు. మునిగిన శత్రునౌకను చూచి తాకకుండా వచ్చినదీ వారే. పోరాడగలవానికి గౌరవించడం కూడా తెలుసును. గౌరవించినంత మాత్రాన వారి పోరాటశక్తి తగ్గలేదు. అదే యుద్ధంలో డిసెంబరు 16న ఢాకాలో లొంగిపోయిన సుమారు 93,000 మంది బందీలను మన దేశం తరువాత వారి దేశానికి అప్పగించినది. దానివల్ల మన విజయం చిన్నదైపోలేదు.

రెండవ సమాధానం మన పెద్దలు ఎన్నడో చెప్పినారు. రావణుడు నేలకొరిగిన తరువాత అతనికి అంత్యక్రియలు జరిపించవలసినదిగా విభీషణునికి శ్రీరాముడే చెప్పాడు. కురుక్షేత్రం ముగిసిన తరువాత ధర్మరాజు తనవారికి మాత్రమే గాక ఎదిరిపక్షంవారికి కూడా ఉత్తరక్రియలు జరిపించాడు. ఇవి మన పిల్లలు తెలుగు వాచకంలో చదువుకొనే కథలే. పుస్తకంలో మార్కులకోసం చదివిన ధర్మం బీచిలో ఇసుకమీద కూర్చున్నపుడు జ్ఞాపకం రాకపోతే ఆ చదువు ఎందుకు?

మూడవది అన్నిటికంటె ముఖ్యం. శత్రువును మనిషిగా చూడడం నేర్వని పిల్లవాడు మన సైనికుని కూడా మనిషిగా చూడడు. అతనికి సైనికుడు తెరమీద తుపాకి పట్టిన బొమ్మ. ఆ బొమ్మకు ఆకలి లేదు, నిద్ర లేదు, తల్లి లేదు. కురుసుర లోపలి ఇనుప తలుపును చూచిన తరువాతనే ఆ పిల్లవానికి మన నావికుల త్యాగం ఎంతటిదో తెలిసినది. ఆ తెలివిడితోనే ఘాజీలోని మనుషులు కూడా కనిపించారు. ఈ రెండూ వేరువేరు పాఠాలు కావు.

కనుక తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లలను ఇట్టి చోట్లకు తీసుకొనివెళ్ళండి. విశాఖ దూరమైనవారికి చెన్నైలో నందంబాక్కంవద్ద యుద్ధ శ్మశానవాటిక ఉన్నది. ఢిల్లీ వెళ్ళినవారికి 2019 ఫిబ్రవరి 25న ప్రారంభమైన జాతీయ యుద్ధస్మారకం ఉన్నది. స్వాతంత్ర్యానంతరం ప్రాణాలర్పించిన వేలాది సైనికుల పేర్లు అక్కడ గోడలమీద చెక్కి ఉన్నాయి. ఫోటోలు తీసుకోండి, తప్పులేదు. కాని తీసుకొనే ముందు ఒక్క నిమిషం నిలబడండి. ఒక్క పేరైనా పిల్లలచేత పైకి చదివించండి. యంత్రం ఎంత పొడవు, ఎంత వేగం అన్నది చెప్పడంతోబాటు, దానిలో ఎవరుండేవారు, ఏమి తినేవారు, ఎప్పుడు ఇంటికి వచ్చేవారు అన్నది కూడా చెప్పండి. పిల్లలు అడిగిన ప్రశ్నకు వెంటనే సమాధానం తోచకపోతే ఆ దారి చూపినాయనవలె కొంచెం ఆగండి. తొందరపడి మాట మార్చకండి. వీలైతే ఇంటిలోని పెద్దవారిని వెంట తీసుకొనిపోండి. ఫలకంమీద తేదీ ఉంటుంది. ఆ తేదీనాడు గూటిలోని చెంబు దొర్లిన సంగతి మామ్మగారి నోటనే వినాలి.

ఆ సంగతి ఆమె చెప్పినది తెలుగులో. వేరే భాషలో ఆమె చెప్పలేరు. పరరాష్ట్రంలో ఉన్న మనకు ఇది గుర్తుంచుకోదగిన విషయం. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలో భాగం. ఎల్లలు మారాయి, పరిపాలన భాష మారింది, ఇండ్లలో మాట మిగిలింది. పిల్లవానికి తెలుగు రాకపోయి ఉంటే తన ముత్తవ్వ 1971లో అన్న మాట అతనికి చేరేది కాదు. చేపల వాక్యం అలాగే ఉండిపోయేది. తెలుగు బడి ఎందుకని అడిగేవారికి చెప్పదగిన కారణాలలో ఇదొకటి.

ఇక పాఠశాలకు ఒక సూచన. 1971లో ఈ బడి బల్లలమీద కూర్చున్నవారు ఈ సభలో ఉన్నారు. 1942లో పట్టణాలు విడిచి వచ్చినవారి కుమారులు, కుమార్తెలు ఉన్నారు. రంగంనుండి నడిచి వచ్చినవారి మనుమలు ఉండవచ్చును. సైన్యంలో చేరినవారు, చేరి తిరిగిరానివారి బంధువులు ఉండవచ్చును. ప్లాటినం జూబిలీ ముగిసేలోగా పై తరగతుల విద్యార్థులు ఒక్కొక్కరూ ఒక్కొక్క పెద్దవారి వద్దకు వెళ్ళి, ఆ జ్ఞాపకాన్ని వారు చెప్పిన మాటలలోనే తెలుగులో వ్రాసుకొనిరావాలి. ఒక నోటుపుస్తకం చాలును. దానికి ఖర్చేమీ లేదు. ఆలస్యం చేస్తే మాత్రం దొరకదు. మామ్మగారి తల్లి ఇప్పుడు లేరు. ఆమె మాట మిగిలినది కుమార్తె గుర్తు పెట్టుకొన్నందువల్ల, మనుమడు అడిగినందువల్ల.

ఆ పిల్లవాడు ఇప్పుడు ఎనిమిదవ తరగతిలోకి వచ్చాడు. పెద్దయ్యాక నౌకాదళంలో చేరుతానంటున్నాడు. తల్లికి భయం. మామ్మగారు, "చేరనీ అమ్మా. వీడికి ఆ తలుపు ఎందుకుందో తెలుసు" అంటారు. తల్లి ఇంకా ఒప్పుకోలేదు. ఆ మాట ఆ ఇంటిలో ఇంకా నడుస్తూనే ఉన్నది. నడవవలసినదే.

 పాఠశాల శతవసంతాల దిశగా సాగుగాక. స్వస్తి.